రక్తంలోకి దిగిన రేణువు తొడుక్కునే అంగీ

హన్మకొండలో ఏ డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లోనైనా చేసి చూడగలిగే ప్రయోగం ఒకటుంది. బంగారు లవణం కలిపిన లేత పసుపు నీళ్ళను మరగబెట్టి, అందులో కొద్దిగా సోడియం సిట్రేట్ పోయాలి. మొదట ఆ పసుపు పోతుంది. తర్వాత మబ్బు పట్టినట్టు బూడిదరంగు కమ్ముతుంది. కొన్ని నిమిషాల్లో బీకరు నిండా దానిమ్మ గింజల ఎరుపు దిగుతుంది. ఆ ఎరుపంతా బంగారమే. పదిహేను, ఇరవై నానోమీటర్ల (మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు) రేణువులుగా మారిన బంగారం పసుపుగా మెరవదు, ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎర్రనీళ్ళను రెండు టెస్ట్‌ట్యూబుల్లోకి తీసుకుని, ఒకదానిలో మాత్రం కాస్త అల్బుమిన్ అనే ప్రోటీన్ కలపాలి. కాసేపు ఆగి రెండింట్లోనూ ఉప్పునీళ్ళు వేయాలి. ప్రోటీన్ లేని ట్యూబు చూస్తుండగానే నేరేడు రంగుకు తిరుగుతుంది, ఆపైన నీలమవుతుంది, చివరికి అడుగున నల్లటి మడ్డి మిగులుతుంది. అల్బుమిన్ కలిపిన ట్యూబు మాత్రం ఎర్రగానే ఉంటుంది.

రెండు ట్యూబుల్లోనూ ఉన్నది ఒకే బంగారం, వేసింది ఒకే ఉప్పు. తేడా అంతా రేణువు ఒంటిమీద ఉన్న పొరది. సిట్రేట్ ఇచ్చిన రుణావేశం వల్ల రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతాయి. ఉప్పు ఆ ఆవేశాన్ని కప్పేయగానే అవి ఒకదానికొకటి అంటుకుని గడ్డలు కడతాయి. అల్బుమిన్ ముందే చేరి చుట్టూ పొరలా పట్టేస్తే, ఉప్పు వేసినా అవి దగ్గరకు రాలేవు. మైకేల్ ఫారడే 1857లోనే ఇలాంటి ఎర్ర బంగారు ద్రావణాలు తయారుచేసి పరీక్షించాడు. 1901లో రిచర్డ్ జిగ్మాండీ ఈ రంగు మార్పునే కొలబద్దగా చేసుకున్నాడు. బంగారాన్ని ఉప్పు నుంచి కాపాడాలంటే ఏ పదార్థం ఎన్ని మిల్లీగ్రాములు కావాలో లెక్కగట్టి దానికి గోల్డ్ నంబర్ అని పేరు పెట్టాడు. ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్ళలో చాలామంది ఈ మాట బట్టీ పట్టే ఉంటారు. పరీక్షకు రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేసిన ఆ సంగతే ఇవాళ నానో వైద్యంలో, అంటే ఇంత చిన్న రేణువులతో మందు అందించే వైద్యంలో, అన్నిటికన్నా పెద్ద చిక్కుగా తయారైంది.

చిక్కు ఏమిటంటే, ల్యాబ్‌లో తయారుచేసిన రేణువును శరీరం ఎప్పుడూ చూడదు. రక్తంలోకి దిగిన క్షణం నుంచి దాని ఒంటిమీద ప్రోటీన్ల అంగీ ఉంటుంది. కాలేయం గుర్తుపట్టేది ఆ అంగీనే. తెల్ల రక్తకణం పట్టుకునేదీ, క్యాన్సర్ కణం లోపలికి రానిచ్చేదీ రానివ్వనిదీ కూడా దాన్నే. శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరు ప్రోటీన్ కరోనా. 2007లో డబ్లిన్, లండ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి రాసిన వ్యాసాలతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది. వైరస్‌కూ దీనికీ సంబంధం లేదు, కరోనా అంటే కిరీటం అని మాత్రమే అర్థం. ఇక్కడ తెలుగులో ఒక ఇబ్బంది ఉంది. సెల్‌నూ పార్టికల్‌నూ రెండింటినీ మనం కణం అనే అంటాం. ఈ వ్యాసంలో కణం అంటే జీవకణం, రేణువు అంటే మనిషి తయారుచేసిన నానో పదార్థం.

ఇంత చిన్నదానికి అంత అంగీ ఎందుకు పడుతుందో తెలియాలంటే ఒక చిన్న లెక్క వేయాలి. ఒక సెంటీమీటరు పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న దిమ్మకు ఆరు ముఖాలూ కలిపి ఆరు చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటుంది. దాన్ని పది నానోమీటర్ల దిమ్మలుగా కోస్తే ఉపరితలం పది లక్షల రెట్లు పెరిగి 600 చదరపు మీటర్లవుతుంది. మన లెక్కలో 700 గజాలు దాటిన ప్లాటు, దగ్గరదగ్గర ఆరు గుంటల జాగా. చక్కెర బిళ్ళంత పదార్థంలోంచి ఆరు గుంటల నేల తెరుచుకుంటే, దానిమీదికి వచ్చి కూర్చునేవాళ్ళకు కొదవేముంది? ఎల్‌ఎఫ్‌టీ అనే కాలేయ పరీక్ష రిపోర్టు తీసి చూస్తే టోటల్ ప్రోటీన్ అనే వరుస కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అది డెసిలీటరుకు 6 నుంచి 8 గ్రాములు. అందులో 3.5 నుంచి 5 గ్రాముల దాకా ఒక్క అల్బుమినే. మిగతాది యాంటీబాడీలు, రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజెన్, కొవ్వును మోసే ప్రోటీన్లు, ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్, ఇంకా వేల రకాలు. 40 నానోమీటర్ల బంగారు రేణువు మీద ఒక పొరగా సర్దితే సుమారు వంద అల్బుమిన్ అణువులు పడతాయి.

అంటుకోవడానికి కారణం ఒక్కటే కాదు. ధన, రుణ ఆవేశాల ఆకర్షణ ఉంది. నీళ్ళంటే పడని భాగాలు ఒకచోటికి చేరే గుణం ఉంది. ఉపరితలం మీద వరుసగా నిలబడ్డ నీటి అణువులు విడిపోయినప్పుడు కలిగే వెసులుబాటు ఉంది. రుణావేశం ఉన్న రేణువు మీదికి రుణావేశమే ఉన్న అల్బుమిన్ కూడా చేరుతుందంటే కారణం ఇదే. అల్బుమిన్ మొత్తం మీద రుణావేశంతోనే ఉన్నా, దాని ఒంటిమీద అక్కడక్కడా ధనావేశపు మచ్చలుంటాయి. అది ఆ మచ్చ వైపు తిప్పుకుని కూర్చుంటుంది.

ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది ఇంకా ఆసక్తికరమైన సంగతి. 1960లలో లియో వ్రోమన్ అనే రక్తశాస్త్ర పరిశోధకుడు గాజు వంటి ఉపరితలాల మీద దీన్ని గమనించాడు. ముందు చేరేవి సంఖ్యలో ఎక్కువగా ఉండి చకచకా కదిలే ప్రోటీన్లు. కొంతసేపటికి సంఖ్యలో తక్కువైనా గట్టిగా పట్టుకోగలిగినవి వచ్చి వాటిని లేపేస్తాయి. హన్మకొండ బస్టాండులో బస్సు ఆగగానే ఎక్కి కూర్చున్నవాళ్ళను, రిజర్వేషన్ టికెట్ ఉన్నాయన నింపాదిగా వచ్చి లేపినట్టే. నానో రేణువుల విషయంలో ఇదంతా ఊహించినదానికన్నా వేగంగా జరుగుతుందని 2013లో జర్మనీ పరిశోధకులు చూపించారు. సిలికా, పాలీస్టైరిన్ రేణువులను మనిషి ప్లాస్మాలో (రక్తకణాలు తీసేయగా మిగిలిన రక్తద్రవంలో) వేస్తే, అర నిమిషం లోపలే దాదాపు 300 రకాల ప్రోటీన్లు చేరిపోయాయి. ఆ తర్వాత గంటలు గడిచినా రకాలు పెద్దగా మారలేదు, పాళ్ళు మాత్రం మారుతూ వచ్చాయి. అంటే ఇంజెక్షన్ సూది బయటికి తీసి దూది అద్దేలోపే అంగీ కుట్టడం అయిపోతుంది.

ఈ అంగీలో రెండు పొరలుంటాయంటారు. లోపలిది గట్టిగా పట్టిన పొర. సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిరగిరా తిప్పి, అడుగుకు చేరిన రేణువులను రెండు మూడుసార్లు కడిగినా అది వదలదు. బయటిది వదులుగా ఉండి, వస్తూ పోతూ ఉండే పొర. కడిగితే పోతుంది కాబట్టి దాని గురించి తెలిసింది తక్కువ. చదివే పరిశోధన పేపర్లలో చాలావరకు గట్టి పొర ముచ్చటే ఉంటుంది. అందుకు కారణం దానికే ప్రాధాన్యం ఎక్కువ కావడం కాదు, అది చేతికి చిక్కడం. ఫలితాలు చదివేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

అంటుకున్న ప్రోటీన్ తన ఆకారంలోనే ఉంటుందన్న భరోసా కూడా లేదు. 2004లో లైసోజైమ్ అనే ఎంజైమును 4, 20, 100 నానోమీటర్ల సిలికా రేణువుల మీద పెట్టి చూశారు. చిన్న రేణువు మీద అది తన మడతలను చాలావరకు నిలుపుకుంది. రేణువు పెద్దదైన కొద్దీ ఉపరితలం చదునై, ప్రోటీన్ దానిమీద పరుచుకుని, మడతలు సడలి, పనిచేసే శక్తి తగ్గింది. అన్ని ప్రోటీన్లూ ఇలాగే ఉండవు, కొన్నిటికి చిన్న రేణువే ఎక్కువ చేటు చేస్తుంది. ఇంకా ఆలోచించాల్సింది 2011లో బయటపడిన సంగతి. పాలీఅక్రిలిక్ ఆమ్లం పూసిన అతి చిన్న బంగారు రేణువులు ఫైబ్రినోజెన్‌ను విప్పేస్తాయనీ, మామూలుగా లోపల దాగి ఉండే దాని కొస అప్పుడు బయటపడుతుందనీ, తెల్ల రక్తకణాలు ఆ కొసను పట్టుకుని వాపు పుట్టించే సంకేతాలు విడుదల చేస్తాయనీ తేలింది. బంగారం విషం కాదు. ఫైబ్రినోజెన్ మన ఒంట్లోదే. రెండూ కలిసిన తీరు వల్ల ఒంటికి కొత్త శత్రువు కనబడినట్టయింది. మందు భద్రత పరీక్షల్లో ఏ పదార్థానికా పదార్థం విడిగా చూస్తే ఈ రకం ప్రమాదం ఎక్కడా దొరకదు.

గురిపెట్టి కొట్టే మందుల కథ కూడా ఈ అంగీ దగ్గరే ఆగుతుంది. క్యాన్సర్ కణాలకు ఇనుము ఆకలి ఎక్కువ, వాటి మీద ట్రాన్స్‌ఫెరిన్‌ను అందుకునే గ్రాహకాలు ఎక్కువగా ఉంటాయి. కాబట్టి రేణువుకు ట్రాన్స్‌ఫెరిన్ తగిలిస్తే నేరుగా అక్కడికే పోతుందన్నది ఆలోచన. సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ప్రోటీన్ల ద్రవం) లేని చోట అది బాగా పనిచేసింది. సీరం కలపగానే రేణువు కణాల్లోకి పోవడం మానలేదు కానీ, గురి మాత్రం పోయింది. తగిలించిన ట్రాన్స్‌ఫెరిన్ మీద వేరే ప్రోటీన్లు కప్పుకున్నాయి. ఇంటి నంబరు బోర్డు మీద పోస్టర్ అంటించినట్టయింది. 2013 నాటి ఈ ఫలితం చాలా ల్యాబులకు చేదు మాత్ర. 2016లో టొరంటో పరిశోధకులు అంతకు ముందు పదేళ్ళ ప్రయోగాలన్నీ కూడదీసి లెక్కవేస్తే, జంతువులకు ఇచ్చిన నానో మందులో కంతిని చేరింది మధ్యగత విలువలో 0.7 శాతం. మిగిలినదాంట్లో పెద్ద వాటా కాలేయం, ప్లీహం మింగేశాయి. యాంటీబాడీలు, పరాయివాటికి గుర్తు పెట్టే కాంప్లిమెంట్ ప్రోటీన్లు అంగీలో చేరితే, కాలేయంలో పరాయివాటిని మింగే కుప్ఫర్ కణాలకు అవి పిలిచి అన్నం పెట్టినట్టే.

దీనికి విరుగుడుగా చాలాకాలంగా వాడుతున్నది పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) అనే పాలిమర్. రేణువు చుట్టూ మెత్తటి వెంట్రుకల్లాంటి ఈ పోగులు నిలబడి ప్రోటీన్లను దగ్గరకు రానివ్వవు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సిల్ అనే క్యాన్సర్ మందు ఈ ఉపాయంతోనే రక్తంలో ఎక్కువసేపు నిలవగలిగింది. ఉపాయం కొత్తదేమీ కాదు, మన వంటింట్లో రోజూ కనిపించేదే. పాలలో కేసీన్ అనే ప్రోటీన్ సగటున 150 నుంచి 200 నానోమీటర్ల ఉండలుగా తేలుతుంది. ఆ ఉండల పైన కప్పా కేసీన్ పోగులు వెంట్రుకల్లా నిలబడి ఉంటాయి కాబట్టి అవి ఒకదానికొకటి అతుక్కోవు. తోడు వేసిన పాలలో పులుపు పెరిగిన కొద్దీ ఆ వెంట్రుకలు వాలిపోతాయి, ఆవేశం తగ్గిపోతుంది, పులుపును కొలిచే పీహెచ్ 4.6 దగ్గరికి వచ్చేసరికి ఉండలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని పెరుగు పేరుకుంటుంది. కాజీపేట హోటల్లో గిన్నెలో కత్తి పెట్టి కోసినట్టు నిలబడే గడ్డ పెరుగు ఒక రకంగా నానో రేణువులు కట్టిన గోడ. కొల్లాయిడ్‌కు మన పాఠ్యపుస్తకాల్లో కాంజికాభం అని పేరు. కాంజికం అంటే గంజి. గంజిలాంటిది అని అర్థం. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ వంటింటి మీద చూపు నిలిపి పెట్టారు.

పెగ్ గురించి ఇటీవల తెలిసిన రెండు విషయాలు పాత నమ్మకాన్ని కదిలించాయి. ఒకటి, కొందరిలో పెగ్‌కే యాంటీబాడీలు పుడుతున్నాయి. అలాంటివాళ్ళలో రెండో డోసు రక్తంలో నిలవకుండా త్వరగా వెళ్ళిపోవచ్చు. రెండోది, పెగ్ ప్రోటీన్లన్నిటినీ దూరం పెడుతుందనుకున్నది పూర్తిగా నిజం కాదు. 2016లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం పెగ్ ఉన్న రేణువు మీద కూడా కొన్ని ప్రోటీన్లు చేరతాయి, ముఖ్యంగా క్లస్టెరిన్ అనేది. ప్రోటీన్లు అసలే లేని ద్రవంలో ఉంచితే పెగ్ రేణువును కూడా తెల్ల రక్తకణాలు మింగాయి. క్లస్టెరిన్ చేరాకే అవి దాన్ని వదిలేశాయి. అంటే రేణువును దాచింది పెగ్ ఒక్కటే కాదు, పెగ్ ఏరుకున్న అంగీ కూడా.

ఈ ఒక్క ఫలితంతో అసలు ప్రశ్నే మారిపోయింది. అంగీ పడకుండా ఎట్లా అన్నది కాదు, ఏ అంగీ పడాలో మనం నిర్ణయించడం ఎట్లా అన్నది ఇప్పుడు అడగాల్సింది. దానికి జవాబు మందుల షాపుల దాకా వచ్చేసింది కూడా. ప్యాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు నీళ్ళలో కరగదు. పాత పద్ధతిలో దాన్ని ఆముదం నుంచి తయారయ్యే క్రెమోఫోర్‌లో కరిగించి ఎక్కించేవారు, దాంతో కొందరికి తీవ్రమైన అలర్జీ వచ్చేది. 2005లో అమెరికాలో అనుమతి పొందిన అబ్రాక్సేన్‌లో అదే మందును మనిషి అల్బుమిన్‌తోనే చుట్టి 130 నానోమీటర్ల రేణువులుగా చేశారు. రక్తం ఎటూ కప్పబోయేదాన్ని ముందుగానే కప్పేశారన్నమాట. వంశపారంపర్యంగా వచ్చే ఒక నరాల జబ్బుకు 2018లో వచ్చిన పాటిసిరాన్ అనే మందు ఇంకో అడుగు ముందుకేసింది. దాని లిపిడ్ (కొవ్వు) రేణువు మీద రక్తంలోని అపోలిపోప్రోటీన్-ఈ వచ్చి కూర్చుంటుంది. కాలేయ కణాలకు ఆ ప్రోటీన్ బాగా తెలిసిన చుట్టం, కొవ్వు మోసుకొచ్చేది అదే కాబట్టి. తలుపు తీసి లోపలికి తీసుకుంటాయి. రోగానికి కారణమైన ట్రాన్స్‌థైరెటిన్ ప్రోటీన్ తయారయ్యేది కాలేయంలోనే, మందు చేరాల్సిందీ అక్కడికే. శరీరం తొడిగే అంగీనే ఇక్కడ చిరునామాగా వాడుకున్నారు.

ప్రోటీన్‌నూ రేణువునూ కలిపి చేసిన వస్తువుల్లో మన పల్లెలకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది మాత్రం మందు కాదు, టెస్టు కార్డు. ములుగు జిల్లాలో ఏటూరునాగారం, తాడ్వాయి వైపు అడవి గూడేల్లో వానాకాలం జ్వరమొస్తే ఆశా కార్యకర్త వేలిని సూదితో గుచ్చి, ఐదు మైక్రోలీటర్ల నెత్తురు మలేరియా కార్డు గుంటలో పెట్టి, ద్రావణం చుక్కలు వేసి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగుతుంది. ఆ కార్డులో కనబడే ఎర్రగీత మొదట్లో చెప్పిన బీకరులోని ఎరుపే. దాంట్లో సాధారణంగా ఉండేది యాంటీబాడీలు పట్టించిన బంగారు రేణువులు. నెత్తురులో ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి వదిలిన హెచ్‌ఆర్‌పీ-2 ప్రోటీన్ ఉంటే, రేణువు మీది యాంటీబాడీ దాన్ని పట్టుకుంటుంది. కాగితం వెంట పాకుతూ పోయి, గీత దగ్గర కాపుకాసిన రెండో యాంటీబాడీకి చిక్కుతుంది. కోట్లకొద్దీ రేణువులు ఒకే గీతలో పోగైతే కంటికి ఎరుపు కనబడుతుంది. గర్భం టెస్టు, కోవిడ్ టైములో ఇంట్లోనే చేసుకున్న యాంటిజెన్ టెస్టు, అన్నీ ఈ కోవలోవే.

ఆ కార్డు తయారీలో పనితనమంతా అంగీ కుట్టడంలోనే ఉంది. యాంటీబాడీ వై ఆకారంలో ఉంటుంది. పట్టుకునే రెండు చేతులూ పైకి ఉండాలి, తలకిందులుగా అంటుకుంటే ఆ రేణువు దండగ. అందుకే బంగారు ద్రావణం పీహెచ్‌ను ఆ యాంటీబాడీకి సరిపోయేలా చూసుకుని సవరిస్తారు. యాంటీబాడీలు చేరాక కూడా మధ్యమధ్య ఖాళీ జాగాలు మిగులుతాయి. వాటిని అలాగే వదిలితే నెత్తురులోని ఏ ప్రోటీన్ పడితే అది వచ్చి చేరి, లేని గీత చూపిస్తుంది. కాబట్టి ఆవు అల్బుమిన్ పోసి ఆ ఖాళీలన్నీ పూడ్చేస్తారు. ఇక్కడ పొరపాటు జరిగితే దాని ఫలితం ల్యాబ్ పుస్తకంలో కాదు, జ్వరంతో వణుకుతున్న పిల్లవాడి మీద పడుతుంది.

వరంగల్‌కు ఈ రంగంలో చేయగలిగినంత సామర్థ్యం ఉంది. కాకతీయ విశ్వవిద్యాలయం ఫార్మసీ కళాశాలలో ఘన లిపిడ్ నానో రేణువుల మీద చాలా ఏళ్ళుగా పని జరుగుతోంది. 1959లో మొదలైన నిట్ ఉంది, అదే ఏడు మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, ఎంజీఎం ఆసుపత్రి ఉంది. రసాయనశాస్త్రం తెలిసినవాళ్ళు, మందు చేసేవాళ్ళు, రోగిని చూసేవాళ్ళు ఆటోలో పోయేంత దూరంలోనే ఉన్న ఊర్లు ఎక్కువగా ఉండవు.

మన రాష్ట్రంలోనే కాదు, దేశమంతటా నానో పరిశోధనలో ఒక అలవాటు బలపడిపోయింది. ఆకు రసం తీసి, వెండి లవణంలో కలిపి, రంగు మారగానే నానో రేణువులు వచ్చాయని రాస్తారు. వేపాకు, తులసి, పసుపు, తంగేడు, ఏదైనా సరే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటో ఒకటి, సైజు గ్రాఫు ఒకటి, పెట్రీ ప్లేటులో బ్యాక్టీరియా చచ్చిన వలయాల ఫొటో ఒకటి. చివర్లో ఇది వైద్యానికి పనికొస్తుందని ఒక వాక్యం. ఆ రేణువును సీరంలో ఒక గంట ఉంచితే ఏమవుతుందో ఎక్కువమంది చూడరు. ఆ పని కష్టమైనదేమీ కాదు, చూడకపోవడం కేవలం అలవాటు. ఆకు రసంలోని ప్రోటీన్లు, పాలీఫినాళ్ళు ఆ రేణువుకు అప్పటికే ఒక అంగీ తొడిగి ఉంటాయి. రక్తంలోకి దిగాక ఆ అంగీ ఉంటుందా, దానిమీద ఇంకొకటి పడుతుందా అన్నది తెలియకుండా వైద్యం మాట ఎత్తడం తొందరపాటే.

కణాల మీద పరీక్షించినా సరిపోదు. పెంచే ద్రవంలో మామూలుగా కలిపేది పది శాతం సీరం, అదీ పుట్టని దూడది. మనిషి రక్తంలో ప్లాస్మా వాటా దాదాపు 55 శాతం. పది శాతం దూడ సీరంలో పడిన అంగీ వేరు, నిండు ప్లాస్మాలో పడే అంగీ వేరు. ప్లాస్మా కూడా మనిషికీ మనిషికీ ఒకటి కాదు. వేర్వేరు జబ్బులున్నవాళ్ళ ప్లాస్మాలో ఒకే రేణువుకు వేర్వేరు అంగీలు పడతాయని 2014 నుంచి పరిశోధనలు చెబుతున్నాయి. షుగర్ ఉన్నవాళ్ళ అల్బుమిన్‌కు గ్లూకోజు అంటుకుని ఉంటుంది. గర్భిణుల్లో ఫైబ్రినోజెన్ పెరుగుతుంది. ఐరోపా ఆసుపత్రిలో దాతల ప్లాస్మాతో తేలిన ఫలితం ఆసిఫాబాద్ గూడేనికి అదే రూపంలో వర్తిస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు.

ఈ ప్రాంతంలోనే చేయాల్సిన ప్రయోగం ఒకటి కళ్ళెదుట ఉంది. ఆదిలాబాద్ నుంచి ములుగు దాకా గోండు, కోయ, కొలాం కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు కనిపిస్తుంది. ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు పగిలి హిమోగ్లోబిన్ ప్లాస్మాలోకి వచ్చేస్తుంది. దాన్ని పట్టి తీసేసే హాప్టోగ్లోబిన్ ఖర్చయిపోయి తగ్గుతుంది. అలాంటి ప్లాస్మాలో రేణువు మీద ఏం చేరుతుందో చూడటానికి కోట్ల రూపాయల యంత్రం అక్కర్లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, వాళ్ళ భాషలో అర్థమయ్యేలా చెప్పి తీసుకున్న సమ్మతి, కొన్ని మిల్లీలీటర్ల నెత్తురు కావాలి. ప్లాస్మా వేరు చేసి, బంగారు రేణువులు కలిపి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ట్యూబు అడుగున చేరిన ఎర్రచుక్కను మూడుసార్లు కడిగి, ప్రోటీన్లను విడదీసే ద్రావణంలో మరిగించి, ప్రోటీన్లను బరువు ప్రకారం వేరుచేసే జెల్ మీద ఎక్కించాలి. ఒక వరుసలో ఆరోగ్యవంతుల నమూనా, పక్క వరుసలో సికిల్ సెల్ ఉన్నవాళ్ళది. నీలం రంగు వేసి కడిగాక, పైన 66 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువుకు కొలత ఇది) దగ్గర అల్బుమిన్ పట్టీ రెండు వరుసల్లోనూ కనబడాలి. చూడాల్సింది కింద, 16 కిలోడాల్టన్ల దగ్గర, హిమోగ్లోబిన్ పట్టీ రెండో వరుసలో ఎంత మందంగా వచ్చిందన్నది.